గిటారు పొట్టలో పత్తి

త్రినాథ్ బాక్సులంటే మాలిక్‌కి పరమ అసహ్యం. అన్నంలో బొద్దింక కనబడితే ఎంత రోత పుడుతుందో, స్టేజీకి రెండు పక్కలా ఆ నల్లటి బీరువాలు నిలబెట్టి త్రినాథ్ మిక్సర్ మీద వేళ్లు పెట్టగానే అతనికి అంత రోత పుడుతుంది. అయినా పన్నెండేళ్లుగా వాటి మధ్యే కూర్చుని వాయిస్తున్నాడు. ఏం చేస్తాడు మరి? గుంటూరు చుట్టుపక్కల గిటారు వాయించేవాడికి పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, తిరునాళ్లు తప్ప వేరే దిక్కు లేదు. వాటన్నిటికీ ఆర్కెస్ట్రా కావాలి. ఆర్కెస్ట్రా అంటే త్రినాథ్, త్రినాథ్ అంటే ఆ బాక్సులు.

మాలిక్ గిటారు పాతది. గుంటూరు స్టేషన్లో గార్డుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన ఊరు విడిచి వెళ్లిపోతూ దాన్ని మాలిక్ చేతిలో పెట్టాడు. "ఎండకీ చెమ్మకీ పెట్టకు నాయనా, ఇది సరేసుతో అతికించిన వస్తువు" అని రెండుసార్లు చెప్పి మరీ రైలెక్కాడు. లోపల సన్నటి చెక్క పట్టీలు, వాటిని పట్టుకుని, తడి తగిలితే కరిగిపోయే ఆ సరేసు జిగురు, అంతే దాని సరంజామా. కరెంటు అక్కర్లేదు. తీగ మీటితే పైచెక్క కదులుతుంది, పొట్టలో గాలి కదులుతుంది, గుండ్రటి నోట్లోంచి స్వరం బయటికొస్తుంది. లావు తీగ మోగితే వాయించేవాడి పక్కటెముకలకి తెలుస్తుంది. సన్న తీగ మోగితే గది ఆ చివర కూర్చున్నవాడు తలెత్తి చూస్తాడు. అంతకు మించి పోదు. పోవాల్సిన అవసరం కూడా లేదంటాడు మాలిక్.

ఈ మాట మీదే ఇద్దరికీ ఎప్పుడూ తగువు.

"ఒరేయ్, వెయ్యి మంది భోంచేసే చోట నీ గిటారు దోమరా," అంటాడు త్రినాథ్. "దోమ పాట ఎవడిక్కావాలి? జనానికి గుండెలదరాలి. విస్తట్లో గారె ఎగిరి పడాలి."

"అయితే ఎలక్ట్రిక్ గిటారు వాణ్ణి తెచ్చుకో. దానికి పొట్టే లేదు, ఉత్త చెక్కముక్క. ఆంప్లిఫయరే దాని పొట్ట. ఆ రెండూ కలిస్తేనే ఒక వాద్యం. స్వరం సాగదీయాలన్నా, గరగరలాడించాలన్నా, తిరునాళ్లలో జనాన్ని కట్టిపడేయాలన్నా అదే కరెక్టు. నేను కాదన్నానా ఎప్పుడైనా? నాదానికి పొట్ట ఉందిరా బాబూ. ఉన్నదానికి ఇంకో పొట్ట తగిలిస్తే ఏమయిద్ది? అజీర్తి!"

"నువ్వూ, నీ పొట్టలూనూ!" అని త్రినాథ్ వైరు అందుకుంటాడు.

త్రినాథ్ చెడ్డవాడేం కాదు. ఇంట్లో ఇబ్బందని చెబితే ఎదురు ప్రశ్న వేయకుండా ఆదుకుంటాడు. చెవులే పాడు చెవులు. చెక్క వణుకుని పట్టి కరెంటులోకి మార్చే రూపాయి బిళ్లంత పికప్పు ఒకటి తెచ్చి, గిటారు మీద తీగలు కట్టి ఉండే బ్రిడ్జి పక్కన జిగురుతో అంటించాడు. దాన్నుంచి వైరు మిక్సర్‌లోకి, అక్కణ్నుంచి ఆంప్లిఫయర్‌లోకి, అక్కణ్నుంచి బాక్సుల్లోకి. అంత దూరం తిరిగి బయటికొచ్చేసరికి మాలిక్ మీటింది మాలిక్‌కే ఆనవాలు తెలియకుండా ఉంటుంది. రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు ఒకటే గలగల. దాని మీద మళ్లీ ఎకో. ఒక్కసారి మీటితే నాలుగుసార్లు వినపడుతుంది. ఛీ, ఎంగిలి కూడు నాలుగుసార్లు వడ్డించినట్టు! జనం మాత్రం ఈలలు వేస్తారు.

ఇలా రోజులు గడుస్తుండగా రెండువేల ఒకటి జనవరిలో విజయవాడ రేడియో స్టేషన్ నుంచి కార్డు వచ్చింది. ఫిబ్రవరిలో ఫలానా సోమవారం పదిన్నరకి ఆడిషన్‌కి రమ్మని, వాద్యం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలని. మాలిక్ అర్జీ పెట్టి మూడేళ్లయింది. ఆ కార్డు చేతిలో పట్టుకుని గడపలోనే చతికిలబడ్డాడు. ఒక గది, ఒక మైకు, వినడానికే కూర్చున్న మనుషులు. బాక్సులుండవు, ఎకో ఉండదు, గారెలుండవు. నలభై రెండేళ్లొచ్చాయి. తన గిటారు అసలు గొంతు ఏమిటో పరాయివాళ్లు ఒక్కరంటే ఒక్కరు ఇంతవరకు వినలేదు. ఒక్కసారి వింటే చాలు, ఆ తర్వాత పాసో ఫెయిలో వాళ్ల ఇష్టం. భార్య జోహరాబీ కార్డు తీసుకుని రేషన్ కార్డు పెట్టే డబ్బాలో భద్రంగా దాచింది. మాలిక్ గుంటూరు వెళ్లి కొత్త తీగల సెట్టు కొనుక్కొచ్చాడు. సోమవారం పొద్దున్నే పాతవి విప్పి ఇవి వేయాలని, అప్పటిదాకా ఆ ప్యాకెట్టు ఎవరూ ముట్టకూడదని ఇంట్లో చాటింపు వేశాడు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. మాలిక్‌కి అన్నం పెట్టేది గిటారు కాదు, అతని కుడిచెయ్యి. చిలకలూరిపేట రోడ్డులో పత్తిలోంచి గింజ తీసే కోటిరత్నం గారి జిన్నింగ్ మిల్లు ఉంది. ఊళ్ల నుంచి వచ్చే పత్తి బోరేలు, అంటే పెద్ద గోనె బస్తాలు, కాటా ఎక్కే ముందు మాలిక్ ముందుకు రావాలి. అతను చెయ్యి పెట్టి సరుకు ఎండుదో తడిదో చెప్పాలి. ఆ చేతికి ఆ విద్య వారసత్వంగా వచ్చింది. అతని తాత ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టిన మనిషి. దూదేకే విల్లుకి ఉండేది ఒకే నారి. తాత దాన్ని కొడితే అది టంయ్ టంయ్ మని మోగుతుంటే పక్కన దూదిలో దొర్లుతూ పెరిగాడు మాలిక్. తీగ మీద ప్రేమ, దూది మీద జ్ఞానం రెండూ ఆ ఒక్క విల్లు దగ్గరే పుట్టాయి.

పత్తిలో తడి ఎలా వస్తుందో ఆ మిల్లు గేటు దగ్గర పదిరోజులు నిలబడ్డవాడికెవడికైనా తెలుస్తుంది. బరువు తూగాలని నీళ్లు చిలకరిస్తారు. చిలకరించడం పాత మాట, ఇప్పుడు బిందెలతోనే పోస్తున్నారు. బోరెం నడుమ తడి పత్తి కూరి, పైన జానెడు మందాన పొడి పత్తి పరుస్తారు. పైపైన తడిమినవాడికి ఎండు సరుకే తగులుతుంది. అందుకే మిల్లులో ఒక కట్టుబాటు. చెయ్యి పెడితే మోచేతి దాకా పెట్టాలి. అడుగున పిడికిలి బిగించి, పైకి లాగి, చెంపకి ఆనించి చూడాలి. తడి సరుకు గోడౌన్లో పడితే మూడో రోజుకల్లా ముక్కుతుంది, లోపల్లోపలే వేడెక్కుతుంది, పక్కనున్న మంచి సరుకుని కూడా చెరుపుతుంది. మాలిక్ చెయ్యి మోసపోవడం ఎవరూ చూడలేదు. "మాలిక్ చూశాడా? అయితే కాటాకి పోనీండి," అనేస్తుంది కోటిరత్నం గారు, తల కూడా ఎత్తకుండా. ఆడమనిషై ఉండి ఆ మిల్లుని ఇరవై ఏళ్లుగా నడుపుతోందంటే ఆ చెయ్యి మీద నమ్మకం అందులో కొంత ఉంది.

ఆడిషన్‌కి ముందు శనివారం మిల్లుకి సైదా లోడు వచ్చింది. సైదా అంటే జోహరాబీ తమ్ముడు. అద్దంకి వైపు ఊళ్లలో రైతుల దగ్గర పత్తి కొని మిల్లులకి తోలుతుంటాడు. నోటి నిండా నవ్వు, బుర్ర నిండా వేషాలు.

"బావా, ఈసారి మేలురకం సరుకు. నువ్వు అట్టా చూసి ఇట్టా పోనిచ్చెయ్," అన్నాడు బోరెం మూతి విప్పుతూ.

బోరెం దగ్గరికి వంగగానే మాలిక్ ముక్కుకి తెలిసిపోయింది. తడి పత్తికి ఒక పుల్లటి వాసన ఉంటుంది, ఉతికి ఆరేయకుండా మూలన పడేసిన దుప్పటిలాగ. అతను మొహం పక్కకి తిప్పుకున్నాడు. వీడికి సిగ్గు లేదు. పోయినేడు వీడి లోడు ఒకటి తిప్పి పంపితే ఇంట్లో ఏం జరిగిందో మాలిక్ ఎలా మర్చిపోతాడు? అత్త మాబూబీ ఆరునెల్లు మాట్లాడటం మానేసింది. "సొంత బావమరిది సరుకే దొరికిందా తిప్పి పంపడానికి" అని జోహరాబీ కంచం ముందు పెట్టి మొహం గోడకి తిప్పుకునేది. ఇప్పుడు సోమవారం ఆడిషన్ పెట్టుకుని ఆ రభస మళ్లీనా?

మాలిక్ చెయ్యి లోపలికి పెట్టాడు. మణికట్టు మునిగింది. పొడిగా ఉంది. ఇంకో జానెడు దిగితే సంగతి తేలిపోతుందని అతనికి తెలుసు. తెలుసు కాబట్టే దిగలేదు. చెయ్యి బయటికి తీసి దులుపుకుని, "ఎండు సరుకే," అన్నాడు.

"పోనీండి," అంది కోటిరత్నం గారు.

ఆ మధ్యాహ్నం అన్నం తినే ముందు మాలిక్ చెయ్యి రెండుసార్లు సబ్బేసి కడుక్కున్నాడు. అబద్ధం ఏముంది అందులో, చేతికి తగిలిందే చెప్పానుగా అని తనకి తనే సర్ది చెప్పుకున్నాడు. అన్నం మాత్రం సయించలేదు.

ఆదివారం అద్దంకి దగ్గర బాపయ్య గారింట్లో ప్రోగ్రాం. మనవరాలు మాధురికి ఓణీల ఫంక్షన్. ఆ ఏడు మిరప బాగా పండటంతో బాపయ్య చెయ్యి కాస్త జోరుగా ఉంది. త్రినాథ్ ఆర్కెస్ట్రాని ఆయనకి కుదిర్చింది సైదానే. ఆయన పత్తి కొనేది కూడా అతనే కాబట్టి పొద్దున్నుంచీ పెళ్లిపెద్దలా హడావుడి చేస్తున్నాడు. మిరపకాయలు ఆరబోసిన కల్లం పక్కనే షామియానా వేశారు. గాలి ఇటు తిరిగినప్పుడల్లా షామియానాలో సగం మంది దగ్గుతున్నారు. పాడే అమ్మాయి శ్రీరమ్య కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గొంతు సవరించుకుంటోంది.

వీడియో వాడు స్టేజీ ముందు ఏదీ అడ్డం ఉండకూడదన్నాడు. సరేనని త్రినాథ్ బాక్సులు తీసుకెళ్లి వాయించేవాళ్ల వెనకాల పెట్టాడు.

"ఒరేయ్ త్రినాథ్, నా వీపెనక పెడితే గిటారు కూత పెట్టిద్దిరా," అన్నాడు మాలిక్. "బాక్సులో శబ్దం వచ్చి దీని పొట్టలో దూరిద్ది, పొట్టలోది పికప్పులో దూరిద్ది, అది మళ్లీ బాక్సులోకి పోయిద్ది. గొలుసు తెగదు."

"అబ్బా, ఏం కాదులేరా. కాస్త తగ్గిస్తాలే."

తగ్గించాడు, గొప్పగా తగ్గించాడు! మొదటి పాట రెండో చరణంలో మాలిక్ లావు తీగ మీద వేలు వేయగానే బాక్సుల్లోంచి ఊ...ఊ... అని ఒక కూత లేచింది. అది మిల్లు సైరనంత పెరిగింది. చంటిపిల్లలు ఒక్కపెట్టున ఏడుపు లంకించుకున్నారు. బాపయ్య భార్య పున్నమ్మ గారు రెండు చెవులూ మూసుకుని, "ఎవుర్రా అది, ఆ పీనుగ ఏడుపు ఆపండ్రా!" అని లేచి నిలబడింది. మాలిక్ తీగల మీద అరచెయ్యి పెట్టి నొక్కేశాడు. సిగ్గుతో కాదు, రోతతో ఒళ్లంతా కంపరమెత్తింది. అంత మంచి గొంతున్న వస్తువుని పీనుగని చేశారు కదా వెధవలు!

భోజనాల వేళైంది. మాలిక్ గిటారుని కుర్చీలో ఆనించి బంతిలో కూర్చున్నాడు. తిని వచ్చేసరికి స్టేజీ మీద సైదా, త్రినాథ్ గిటారు దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నారు. గిటారు నోట్లోంచి తెల్లగా ఏదో పొంగుతోంది.

"ఏం చేశార్రా?"

"కూత ఆపాం బావా," అన్నాడు సైదా పళ్లన్నీ బయటపెట్టి. "పొట్ట ఖాళీగా ఉంటేనే గదా అది అరిచేది? మన పత్తే, నా ఆటోలో అరబోరెం మిగిలిపోతే కుక్కేశా. తీగల సందులోంచి కొంచెం కొంచెంగా, గంట పట్టింది. ఇప్పుడు వాయించు చూద్దాం."

మాలిక్ నోట్లో కిళ్లీ తుపుక్కున ఉమ్మేశాడు. "నీ బుర్రలో పెట్టుకోరా పత్తి! నా గిటారు ముట్టమని ఎవడు చెప్పాడ్రా నీకు?"

"ఇప్పుడు తిట్టుకోడానికి టైము లేదు," అని త్రినాథ్ మధ్యలోకి వచ్చాడు. "అవతల బాపయ్య గారు ఎదురు చూస్తున్నారు. ఇంకో రెండు గంటలే కదరా, లాగించెయ్."

లాగించాడు. కూత రాలేదు, నిజమే. అసలు ఏదీ రాలేదు. తీగ మీటుతుంటే దిండు మీద గుప్పిటతో గుద్దినట్టు దబ్ దబ్ మంటోంది. పక్కటెముకలకి తగలాల్సిన ఆ వణుకు లేదు. పికప్పు మాత్రం తీగల మోత లాక్కుని బాక్సుల్లో పోస్తోంది. త్రినాథ్ బాస్ పెంచాడు, ఎకో పెంచాడు. జనం ఈలలేశారు. బాపయ్య స్వయంగా స్టేజీ దగ్గరికొచ్చి, "ఇప్పుడు బ్రహ్మాండంగా ఉందయ్యా గిటారు. ఇందాక ఏమైందో ఏమో!" అన్నాడు. మాలిక్‌కి ఆ మెప్పు చెంప మీద ఉమ్మినట్టుంది. చచ్చిన గొంతుకీ బతికిన గొంతుకీ తేడా తెలియని జనం! వీళ్ల కోసమా పన్నెండేళ్లు వేళ్లు కాయలు కాచేలా వాయించింది?

సాయంత్రం వ్యాను ఎక్కే ముందు గిటారుని పెట్టెలో పెడుతూ రెండు వేళ్లు తీగల సందులోకి పోనిచ్చి పైనున్న పత్తిని నలిపి చూశాడు. పొడిగానే ఉంది. మొత్తం లాగాలంటే తీగలు విప్పాల్సిందే, సందులోంచి వచ్చేది కాదు. ఎలాగూ పొద్దున్నే పాత తీగలు విప్పి కొత్తవి వేయాలి. అప్పుడు తీసేస్తే సరిపోతుంది. పొడి పత్తి ఒక పూట ఉంటే ఏం పోయింది అనుకుని పెట్టె మూత వేశాడు. ఆ రోజంతా బాక్సుల మోత విని విని చెవులు దిబ్బళ్లు వేశాయి. ఇంటికి చేరగానే నడుం వాల్చాడు.

సోమవారం తెల్లవారగానే స్నానం చేసి, వరండాలో చాప పరిచి పెట్టె తెరిచాడు. పుల్లటి వాసన గుప్పుమంది.

మాలిక్ గబగబా ఆరు తీగలూ వదులు చేసి పీకేసి, గుండ్రటి నోట్లోకి చెయ్యి పెట్టాడు. పైన పొడి పత్తి, రెండు గుప్పిళ్లు. మణికట్టు దాటగానే చల్లగా తగిలింది. మోచేతి దాకా చెయ్యి దూర్చి పిడికిలి బిగించి లాగితే గింజలతో సహా ముద్ద ముద్దగా వచ్చింది, పిండితే నీళ్లు కారేంత తడి. చాప మీద కుప్ప పెరుగుతోంది. ఎంత కుక్కాడో దరిద్రుడు! ముద్దలతో పాటు ఒక చెక్క పట్టీ కూడా ఊడి వచ్చింది. దాని అంచున సరేసు బంకబంకగా, నాని చీమిడిలా సాగుతోంది.

"ఏమైందయ్యా?" అంటూ వచ్చిన జోహరాబీ ఆ కుప్ప చూసి నోట కొంగు కుక్కుకుంది.

"మీ తమ్ముడి మేలురకం సరుకు," అన్నాడు మాలిక్.

ఉన్న గంటలో ఏం చేయగలడు? పాత చొక్కాతో లోపలంతా తుడిచాడు. ఎండలో పెడదామంటే ఎండ ఇంకా రాలేదు. జోహరాబీ ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజేసి దూరం నుంచి సెగ పట్టింది. కొత్త తీగలు వేసి మెల్లమెల్లగా బిగించాడు. పైచెక్క బ్రిడ్జి దగ్గర పొంగి ఉంది, ఉడుకుతున్న పాల మీద మీగడలా. వేలితో నొక్కితే లోపలికి దిగుతోంది. మానేద్దామా అనుకున్నాడు. మూడేళ్లు ఎదురు చూసిన పిలుపు, మళ్లీ ఎన్నేళ్లకి వస్తుందో! గిటారుని ఒళ్లో పెట్టుకుని విజయవాడ బస్సెక్కాడు.

స్టూడియో గది అతను కలగన్నట్టే ఉంది. గోడలకి మెత్తటి అట్టలు, కింద తివాచీ, మధ్యలో కుర్చీ, కుర్చీ ముందు ఒకే ఒక్క మైకు. తన ఊపిరి తనకి వినపడుతోంది. అద్దం అవతల ముగ్గురు కూర్చున్నారు. వాళ్లలో కళ్లద్దాలావిడ మైకులోంచి, "మొదలుపెట్టండి, ఆంప్లిఫయర్ అదీ ఏమీ ఉండదు, గిటారు సహజంగా ఎలా ఉంటుందో అలాగే వింటాం," అంది.

ఆ మాట కోసం మాలిక్ ఎన్నేళ్లు బతికాడో ఆవిడకి తెలియదు. కళ్లు మూసుకుని లావు తీగ మీటాడు. గర్ర్...ర్... మని పగిలిన డప్పులాంటి చప్పుడు లేచింది. ఊడిన పట్టీ చోట చెక్క చెక్కకి కొట్టుకుంటోంది. సన్న తీగలు మోగాయి గానీ జలుబు చేసిన మనిషి ముక్కుతో పాడుతున్నట్టు మోగాయి. ఆ గదిలో దాచుకోడానికేం లేదు, మూసేయడానికి ఈలల్లేవు, కప్పేయడానికి ఎకో లేదు. ఉన్నది ఉన్నట్టు వినపడింది. త్రినాథ్ బాక్సులుంటే ఈ కుళ్లు ఎవరికీ తెలిసేది కాదు కదా అని అతనికి ఒక్క క్షణం అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యమేసింది.

పల్లవి సగంలో ఉండగా టప్ మని బ్రిడ్జి లేచిపోయింది. ఆరు తీగలూ ఒక్కసారిగా వాలిపోయాయి.

అద్దం అవతల ముగ్గురూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. కళ్లద్దాలావిడ లేచి లోపలికొచ్చింది. మంచి మనిషి, కసురుకోలేదు. వంగి గిటారు నోట్లోకి చూసి, పట్టీకి అంటుకున్న ఒక తడి పత్తి పోగుని వేలితో తీసింది.

"వచ్చేముందు ఒకసారి చూసుకోవద్దా అండీ?" అంది. "మళ్లీ అర్జీ పెట్టుకోండి. ఈసారికి ఇంతే."

మాలిక్ చూసుకోకేం? చూశాడు, రెండు వేళ్లు పెట్టి మరీ చూశాడు. గిటారు పెట్టెలో పెట్టుకుని బయటికొచ్చాడు.

మంగళవారం మిల్లుకి వెళ్లేసరికి గేటు దగ్గర సైదా ఆటో నిలబడి ఉంది. మళ్లీ లోడు. జిన్నింగ్ మిషన్లు గోలగోలగా తిరుగుతున్నాయి. కోటిరత్నం గారు కాటా పక్కన కుర్చీలో కూర్చుని చీటీలు చూసుకుంటోంది.

"బావా! రేడియోలో ఎప్పుడొచ్చిద్ది నీ పాట?" అంటూ సైదా ఎదురొచ్చాడు.

మాలిక్ వాడి చొక్కా పట్టుకున్నాడు. "తడి పత్తి పెట్టావేంరా గిటారులో?"

సైదా బిత్తరపోయాడు. తప్పు చేసిన మొహం కూడా కాదది, అమాయకంగా తెల్లమొహం వేశాడు. "నీ కోసమే గదా బావా! ముందు పొడిదే పెట్టా. కూత ఆగలా. త్రినాథన్న వాయించి చూశాడు, ఇంకా అరుస్తానే ఉంది. తడిదైతే బరువుగా కూర్చునిద్ది గదా అని నడుమ తడిది కుక్కా. ఠక్కున ఆగిపోయింది. అందరూ మెచ్చుకున్నారు కూడా!"

"మరి పైన పొడిది ఎందుకు పరిచావురా?"

"అలవాటు బావా," అని నవ్వేశాడు సైదా. "అయినా నువ్వు ఎట్టాగూ చెయ్యి పెడతావని తెలుసు. నువ్వు పైపైనే గదా చూసేది!"

మాలిక్ చెయ్యి చొక్కా మీంచి జారిపోయింది. వాడు వెక్కిరించి ఉంటే చెంప పగలగొట్టేవాడు. వెక్కిరించలేదు. సూర్యుడు తూర్పున పొడుస్తాడన్నంత మామూలుగా చెప్పాడు. ఆ చెయ్యి సంగతి వాడికంత బాగా తెలుసు. ఇన్నాళ్లూ బాక్సుల మీద, త్రినాథ్ చెవుల మీద, గారెల జనం మీద దాచుకున్న రోతంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగి అతని మీదే పడ్డట్టయింది.

"ఏం మాలిక్, సైదా సరుకు చూశావా?" కుర్చీలోంచి కోటిరత్నం గారు కేకేసింది. "అన్నట్టు, గోడౌన్లో ఏదో ముక్కిన కంపు కొడుతోందయ్యా నిన్నటి నుంచి. ఎలుక చచ్చిందేమో చూడమన్నా. సరే, దీన్ని కాటాకి పోనివ్వనా?"

సైదా కళ్లతోనే సైగ చేశాడు, పోనిచ్చెయ్ బావా అని.

మాలిక్ చొక్కా చెయ్యి భుజం దాకా మడిచాడు. బోరెం మూతి విప్పి చెయ్యి దించాడు. మణికట్టు మునిగింది, పొడిగా ఉంది. ఆగలేదు. మోచెయ్యి మునిగింది. చల్లటి ముద్ద వేళ్లకి తగిలింది. పిడికిలి బిగించి పైకి లాగి, కోటిరత్నం గారి ముందుకు నడిచి, ఆవిడ చీటీల మీదే పిండాడు. నీళ్లు బొటబొటా కారాయి.

"తడి," అన్నాడు. "కంపు ఎలకది కాదండి, శనివారం లోడుది. అది కూడా తడే. ఎండని చెప్పింది నేనే. మణికట్టు దాకే చెయ్యి పెట్టానండి."

మిషన్ల మోతలో ఆవిడకి సరిగ్గా వినపడినట్టు లేదు. చెవి ఇటు తిప్పి, "ఏంటీ?" అంది.

మాలిక్ గొంతు పెంచి, గేటు దగ్గర నిలబడ్డ రైతులకి కూడా వినపడేలా, మొదటి మాట నుంచి మళ్లీ చెప్పాడు.